ముఖనాడి శస్త్రచికిత్స: అంకెలలో చేరని బలహీనత

ముఖమున ఒక ప్రక్క కండరములు ప్రయత్నము లేకుండగనే పదే పదే అదరుటను అర్ధముఖ సంకోచమందురు. సాధారణముగ మొదట కనురెప్ప అదరును. క్రమముగ ఆ అదురు చెంపకు, నోటి మూలకు ప్రాకును. మెదడు కాండమునుండి ముఖనాడి వెలువడు చోట ఒక రక్తనాళము దానిని ఒరసికొనుచుండుటయే తరచు దీనికి కారణము. నాళమును ప్రక్కకు తప్పించి, రెండింటి నడుమ చిన్న టెఫ్లాన్ మెత్తనుంచుట దీని శస్త్రచికిత్స. ఈ పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినవాడు అమెరికాలో పిట్స్‌బర్గ్‌కు చెందిన పీటర్ జానెటా.

బార్కర్, జానెటా, వారి సహచరులు 1995లో 'జర్నల్ ఆఫ్ న్యూరోసర్జరీ'లో 703 మంది రోగుల ఫలితములను ప్రకటించిరి. పదేండ్ల తరువాత నూటికి 84 మందికి ఉత్తమ ఫలితము, 7గురికి పాక్షిక ఫలితము కనిపించెను. మొదటి శస్త్రచికిత్స వలన ఆ ప్రక్క చెవి వినబడకపోయినవారు నూటికి 2.6, ముఖము తీవ్రముగ, శాశ్వతముగ బలహీనపడినవారు 0.9. మేలు చెప్పిన చోటనే కీడును గూడ అంకెలలో చెప్పుట ఈ వ్యాసమునకు గౌరవము తెచ్చు గుణము.

అయినను వ్యాస సారాంశములోని 0.9 అను అంకెకు ముందున్న 'తీవ్ర', 'శాశ్వత' అను విశేషణములను గమనింపవలెను. స్వల్పముగ బలహీనపడినవారు గాని, కొంతకాలమునకు కోలుకొన్నవారు గాని ఈ అంకెలో చేరరు. శస్త్రచికిత్స తరువాత చక్కగా కదలుచున్న ముఖము కొన్ని దినములకో, వారములకో హఠాత్తుగ బలహీనపడుటయు కలదు. సాధారణముగ అది వారములలో, నెలలలో తగ్గును. అంతవరకు కన్ను పూర్తిగ మూతపడక ఎండిపోవచ్చును. త్రాగిన నీరు పెదవి మూలనుండి కారవచ్చును. సారాంశము మాత్రమే చదివి 'నూటికి ఒక్కరికే ప్రమాదము' అని రోగితో చెప్పినచో సగము మాట చెప్పినట్లే.

అర్ధముఖ సంకోచము ప్రాణము తీయు వ్యాధి కాదు. బొటులినమ్ ఇంజెక్షను మూడు నాలుగు నెలలపాటు అదురును అణచును. దాని వలనను కొంత బలహీనత కలుగవచ్చును గాని, మందు పనిచేయుట తగ్గగా అదియు తగ్గును. ఇట్టి మార్గాంతరమున్నపుడు శస్త్రచికిత్స నష్టములను మరింత వివరముగ చెప్పవలసియున్నది. ముఖ బలహీనతను ఆరు అంతస్తులుగ కొలుచు హౌస్–బ్రాక్‌మన్ పద్ధతి 1985 నుండియే కలదు. దానినిబట్టి బలహీనత ఎంత, ఎన్నడు మొదలయ్యెను, ఎన్నాళ్ళుండెను అను మూడును సారాంశములోనే చూపవచ్చును.

శాతములను చదువు విద్యార్థికి ఇందొక పాఠమున్నది. 'నూటికి ఎందరు?' అని అడిగిన పిమ్మట 'ఎవరిని లెక్కించిరి, ఎవరిని విడిచిరి?' అనియు అడుగవలెను.