‘సుల్తానా కల’: విద్య, పర్దా, ప్రకృతి

రొకేయా సఖావత్ హుస్సేన్ (1880–1932) ఇంగ్లీషులో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే ‘ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అచ్చయింది. ఆ పత్రికను 1901లో స్థాపించిన కమలా సత్యనాథన్ తెలుగింటి ఆడపడుచు. బెంగాలీ ముస్లిం రచయిత్రి కల్పనకు తొలి వేదికను సమకూర్చింది ఒక తెలుగు సంపాదకురాలన్న సంగతి మన సాహిత్య చరిత్రలు గుర్తుంచుకోదగినది.

ఈ కథను స్త్రీవాద రచనగానో, విజ్ఞాన కల్పనగానో చదవడం పరిపాటి. ఆ పద్ధతిలో చదివినప్పుడు కథలోని సౌరశక్తి, మేఘజలం వింత వస్తువులుగా మిగిలిపోతాయి. వాటిని విద్యా విషయకమైన వాదంలో భాగంగా చూస్తేనే కథానిర్మాణం బోధపడుతుంది. స్త్రీరాజ్యంలో రాణి తొలుత బాలికలకు విద్యను నిర్బంధం చేస్తుంది. 21 ఏళ్ల లోపు వివాహాన్ని నిషేధిస్తుంది. విశ్వవిద్యాలయాలు ఆ తర్వాతే వస్తాయి. ఒకటి వాతావరణం నుంచి నేరుగా నీటిని గ్రహించే బెలూనును నిర్మిస్తుంది. రెండవది సూర్యతాపాన్ని నిలవచేసే సాధనాన్ని కనిపెడుతుంది. ఆ కాలంలో పురుషులు సైనికబలాన్ని పెంచుకుంటూ ఈ పరిశోధనలను ఎగతాళి చేస్తారు. పొగలేని వంటిల్లు, దోమలు లేని ఊరు, తోటగా మారిన నగరం ఈ క్రమానికి ఫలితాలు.

స్త్రీపురుషుల స్థానాలను తారుమారు చేయడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’లోని ఆడుమళయాళం అటువంటిదే. అయితే కందుకూరి తారుమారు చేసింది ప్రధానంగా అధిక్షేపం కోసం. రొకేయా అక్కడితో ఆగక, అధికారం చేతులు మారితే నీరు, నిప్పు, నేల ఏమవుతాయని కూడా అడిగింది.

కథలో ఇస్లాం పేరు వినిపించదు. ప్రేమ, సత్యం తమ మతానికి మూలమని మాత్రం ఒక పాత్ర చెబుతుంది. కానీ కథ తర్కమంతా ముస్లిం కుటుంబ ధర్మం నుంచే పుట్టింది. వివాహం నిషిద్ధమైన దగ్గరి బంధువులు ‘మహ్రమ్’. వారి ఎదుట పర్దా అవసరం లేదు. పినతండ్రి, మేనమామ బిడ్డలు ఆ పరిధిలోకి రారు, ఎందుకంటే వారితో వివాహం చెల్లుతుంది. మేనరికం ఎరిగిన తెలుగువారికి ఈ భేదం వివరించనక్కరలేదు. రొకేయా రాజ్యంలో దూరపు బంధువు సైతం తోబుట్టువంత పవిత్రుడు. ఇక్కడ ఆమె ధర్మశాస్త్రాన్ని తోసిపుచ్చలేదు, దాని పరిధిని సాగదీసింది. 1927 నాటి ‘గాడ్ గివ్స్, మ్యాన్ రాబ్స్’ వ్యాసంలోనూ ఇదే పద్ధతి: జ్ఞానార్జన స్త్రీపురుషులిద్దరికీ ప్రవక్త విధించిన కర్తవ్యమని గుర్తుచేసి, అడ్డుపడేవారిని వారి మతం ముందే నిలబెట్టింది.

ఈ కల్పనలో లోపాలు లేకపోలేదు. వంటకు వాడిన సూర్యతాపాన్నే రెండువేలమంది విద్యార్థినులు శత్రుసైన్యంపై ప్రయోగిస్తారు. ప్రకృతితో మైత్రిని చాటే కథ ప్రకృతిని ఆయుధం చేయక తప్పలేదు. అంతకన్న ముఖ్యం, పర్దా తొలగలేదు. లోపల ఉండేవారు మారారు. యుద్ధానికి ముందు పురుషులను జనానాలోకి పంపడానికి స్త్రీలు చెప్పిన కారణం కూడా పర్దా మర్యాదే. దీన్ని వ్యంగ్యమని సరిపెట్టడం తేలిక. ఆమె ఆ తర్వాత నడిపిన పాఠశాలను చూస్తే అంత తేలిక కాదనిపిస్తుంది.

భర్త మరణానంతరం 1909లో భాగల్పూర్‌లో ఐదుగురు బాలికలతో మొదలైన సఖావత్ మెమోరియల్ పాఠశాల 1911లో కలకత్తాకు మారింది. ముస్లిం కుటుంబాల బాలికలు బడికి రావాలంటే పర్దా పాటించే బండి కావాలి. ఆ బస్సు కథను రొకేయా ‘అవరోధ్‌బాసిని’ (1931)లో చెప్పింది. నాలుగువైపులా మూసిన ఆ బస్సులో పిల్లలకు ఊపిరాడలేదు. వాంతులయ్యాయి, కొందరు స్పృహ తప్పారు. వాతావరణం నుంచి నీటిని తీసిన విద్యార్థినులను ఊహించిన రచయిత్రి, తన విద్యార్థినులకు గాలి అందించడమెలాగా అని తడుముకోవలసివచ్చింది. చెక్కలు తీయించి తెరలు కట్టించింది. గాలికి తెరలు లేస్తున్నాయనీ, పిల్లల పర్దా చెడుతున్నదనీ అప్పుడు ఉత్తరాలు వచ్చాయి.