పాటకు మార్కులు వేసేదెవరు?
ఆబీ లింకన్ రికార్డు, దాని మీద వచ్చిన సమీక్ష

‘ఇది నినాదం, కవిత్వం కాదు’ అన్న మాట పడని దళిత కవి తెలుగులో ఉండడేమో. 1985లో కారంచేడు తర్వాత, 1991లో చుండూరు తర్వాత వచ్చిన కవితకూ పాటకూ ఈ మాట ఎదురవుతూనే వచ్చింది. అన్నవాళ్లంతా శత్రువులా అంటే కాదు. సభకొచ్చి భుజం తట్టినవాళ్లూ అన్నారు. ‘మీ బాధ నిజమే, కోపం న్యాయమే, మరి శిల్పం ఏదీ?’ అని వాళ్ల ప్రశ్న. పైకి సాహిత్య ప్రశ్నలాగే కనిపిస్తుంది. కాని ఆ శిల్పానికి కొలబద్ద ఎవరి చేతిలో ఉంది, దాన్ని ఎవరు తయారుచేశారు అని తిరిగి అడిగితే మాత్రం ‘సాహిత్యంలోకి కులం తేవద్దు’ అంటారు.

ఈ గొడవ మన ఒక్కళ్లదే కాదు. 1961లో అమెరికాలో ఒక నల్లజాతి గాయని రికార్డు మీద అచ్చం ఇలాంటి తీర్పే వచ్చింది. ఆమె ఊరుకోలేదు. తీర్పు చెప్పినవాడి ఎదుటే కూర్చుని జవాబు చెప్పింది. జాతి వేరు, కులం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టేసి సంబరపడాల్సిన పని లేదు. అయినా ఆ జవాబును మనం జాగ్రత్తగా వినాలి.

ఆమె పేరు ఆబీ లింకన్. 1930లో షికాగోలో పుట్టింది. పన్నెండుమంది పిల్లల్లో పదో బిడ్డ. 1950లలో నైట్ క్లబ్బుల్లో పాడేది. అందమైన నల్లపిల్ల, బిగుతు గౌను, ప్రేమ పాటలు: క్లబ్బు యజమానులకు కావల్సింది అదే. 1956లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో ఆమెకు మార్లిన్ మన్రో అంతకుముందు వేసుకున్న ఎర్ర గౌను తొడిగారు. ఆ గౌనును తర్వాత తన చేతులతోనే మంటల్లో పడేశానని ఆమె చెప్పుకుంది. ఆ రోజుల్లో ఆమెను ‘వృత్తి నీగ్రో’ అని ఎవరూ అనలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్ల విద్యార్థులు తెల్లవాళ్లకే పరిమితమైన హోటల్ కౌంటర్ దగ్గర కూర్చుని లేవమన్నారు. మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపారు. ఆ ఏడాది చివర డ్రమ్ వాద్యకారుడు మాక్స్ రోచ్ ‘వుయ్ ఇన్సిస్ట్!’ అన్న రికార్డు తెచ్చాడు. అట్ట మీద హోటల్ కౌంటర్ దగ్గర కూర్చున్న ముగ్గురు నల్లవాళ్లు, వెనక తెల్ల సర్వరు. లోపల బానిసత్వం నుంచి జోహానెస్‌బర్గ్ దాకా ఐదు పాటలు. గొంతు ఆబీ లింకన్‌ది. మరుసటేడు, 1961 ఫిబ్రవరి 15న, కాంగో నాయకుడు లుముంబా హత్యకు నిరసనగా ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి సమావేశంలోకి వెళ్లి అడ్డుకున్న నల్లజాతి వాళ్లలో ఆమె ఉంది. సరిగ్గా వారం తర్వాత, ఫిబ్రవరి 22న, తన పేరు మీద ‘స్ట్రెయిట్ ఎహెడ్’ రికార్డు చేసింది. పక్కన వాయించింది ఆషామాషీ వాళ్లు కాదు. కోల్మన్ హాకిన్స్, ఎరిక్ డాల్ఫీ, బుకర్ లిటిల్, మాల్ వాల్డ్రన్, జూలియన్ ప్రీస్టర్, మాక్స్ రోచ్. చాలా పాటల్లో మాటలు ఆమె సొంతం.

ఆ నవంబరులో ‘డౌన్ బీట్’ పత్రికలో సమీక్ష వచ్చింది. 1934లో మొదలైన ఆ పత్రిక జాజ్ లోకానికి పెద్ద న్యాయస్థానం లాంటిది. రికార్డులకు ఐదు నక్షత్రాల లెక్కన మార్కులు వేస్తుంది. ఆ మార్కులు చూసి కొనేవాళ్లు కొంటారు, క్లబ్బులవాళ్లు పిలుస్తారు. సమీక్షకుడు ఐరా గిట్లర్. ఆబీ లింకన్ తన నల్లతనాన్నే సరుకుగా చేసుకుందనీ, ‘ప్రొఫెషనల్ నీగ్రో’ అయిపోయిందనీ రాశాడు. పాట మీద రాయాల్సిన చోట మనిషి మీద తీర్పు చెప్పాడు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. గిట్లర్ జాజ్ తెలియనివాడు కాదు. కోల్ట్రేన్ వాయించే తీరును పట్టుకుని ‘షీట్స్ ఆఫ్ సౌండ్’ అని 1958లో పేరు పెట్టింది అతనే. ఆ పేరు ఇప్పటికీ నిలిచింది. నల్ల సంగీతాన్ని ప్రేమించినవాడు, దాని గురించి రాయడమే పనిగా పెట్టుకున్నవాడు. అందుకే ఈ సంఘటన మనకు ముఖ్యం. ద్వేషించేవాడు తిడితే దులుపుకుని పోవచ్చు. ప్రేమించేవాడు ఎక్కడ ఆగిపోతాడో తెలుసుకోవాలి.

గొడవ పెరిగింది. పత్రిక ఒక చర్చ పెట్టి ‘జాజ్‌లో జాతి దురభిమానం’ అన్న శీర్షికతో 1962 మార్చి 15, 29 సంచికల్లో అచ్చేసింది. ఆబీ లింకన్, మాక్స్ రోచ్ ఒకవైపు, గిట్లర్ ఇంకోవైపు, మధ్యలో సంపాదకుడు డాన్ డిమైకేల్, మరికొందరు సంగీతకారులు, రాసేవాళ్లు. ఆ చర్చలో ఆబీ లింకన్ చెప్పింది స్థూలంగా ఇది: ‘ఒకప్పుడు నేను నిజంగానే ప్రొఫెషనల్ నీగ్రోను. పాశ్చాత్యులు నన్నెలా చూడాలనుకున్నారో అలా కనిపించేదాన్ని, పిచ్చి గౌన్లు వేసుకునేదాన్ని, వాళ్లు ఆశించిన పాటలు పాడేదాన్ని. అప్పుడు నల్లదాన్ని కావడాన్ని అమ్ముకున్నాను. అప్పుడు నేను కళాకారిణిని కాను.’

ఈ జవాబు ఒక్క దెబ్బతో ఆరోపణను తలకిందులు చేసింది. నల్లతనం గౌనులో బిగించి అమ్ముడుపోయినన్నాళ్లూ అది ‘వినోదం’, ‘కళ’. అదే నల్లతనం తన మాట తాను రాసుకున్న రోజున ‘వ్యాపారం’, ‘ప్రచారం’. మన దగ్గర కూడా అంతే గదా? దళితుడు అగ్రవర్ణ నాయకుడి కథలో నమ్మినబంటుగా వస్తే అది మానవతా సాహిత్యం. తనే కలం పట్టి తన వాడ పేరు రాస్తే అది కులతత్వం.

ఆ చర్చ తర్వాత పోయిన దారి కూడా చూడదగ్గది. ఒక నల్ల గాయని మీద వచ్చిన రాత గురించి మొదలైన మాట, నల్లవాళ్లే తెల్ల సంగీతకారుల్ని దూరం పెడుతున్నారా అన్నదాని మీదికి మళ్లింది. దానికి ‘క్రో జిమ్’ అని ఒక పేరు కూడా ఉంది. నల్లవాళ్లను వేరుగా ఉంచిన ‘జిమ్ క్రో’ చట్టాల పేరును తిరగేసి పెట్టిన పేరు అది. బాధ చెప్పుకున్నవాణ్ణే ముద్దాయిని చేయడం అన్ని దేశాల్లోనూ తెలిసిన విద్యే.

సరే, రాజకీయం అలా ఉంచుదాం. పాటగా చూస్తే సమీక్షకుడి మాట నిలుస్తుందా? మనం చేయాల్సిన పని ఇదీ. ‘మావాళ్ల పాట కాబట్టి గొప్పది’ అంటే విమర్శ అయిపోదు.

‘స్ట్రెయిట్ ఎహెడ్’లో ఉన్నవన్నీ నినాదాలేనా? ‘లెఫ్ట్ అలోన్’ ఒంటరితనం మీద పాట, మాటలు బిల్లీ హాలిడే రాసినవి. ‘బ్లూ మంక్’కు మంక్ కట్టిన బాణీ ఉంది, మాటలు లేవు. ఆబీ లింకన్ మాటలు రాసి పాడింది. ‘ఆఫ్రికన్ లేడీ’ మాటలు లాంగ్‌స్టన్ హ్యూస్‌వి. అన్నిటికంటే ముఖ్యం ‘వెన్ మలిండీ సింగ్స్’. అది బానిసలుగా బతికి బయటపడ్డ తల్లిదండ్రులకు పుట్టిన పాల్ లారెన్స్ డన్బార్ 19వ శతాబ్దం చివర్లో రాసిన కవిత. సంగీతం పుస్తకం ముందు పెట్టుకుని సాధన చేస్తున్న దొరసానితో చెబుతున్నట్టు సాగుతుంది. ఆ పుస్తకం మూసెయ్యమ్మా, నువ్వెంత సాధన చేసినా మలిండీ గొంతెత్తితే వచ్చేది నీకు రాదు అని సారాంశం. అంటే చూడండి, పాటకు మార్కులు వేసే పుస్తకం గురించి ఆ రికార్డు తనలోనే జవాబు పెట్టుకుని ఉంది. వినే చెవికి అది అందాలి గదా!

‘వుయ్ ఇన్సిస్ట్!’లోని ‘ట్రిప్టిక్’ ఇంకా పెద్ద సాక్ష్యం. ప్రార్థన, నిరసన, శాంతి అని మూడు భాగాలు. ఒక గొంతు, ఒక డ్రమ్. అంతే. ఒక్క మాట కూడా ఉండదు. మొదట మూలుగులాంటి ప్రార్థన. మధ్యలో గొంతు చీలిపోయేలా నిమిషానికి పైగా అరుపు. ఆ అరుపు కింద డ్రమ్ తొక్కిసలాడుతుంది. తర్వాత ఊపిరి దొరికినట్టు నెమ్మది. మాటే లేనిచోట నినాదం ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడున్నది రూపం. నిరసనను మాటల్లో కాక ఊపిరిలో, గొంతు గరుకుతనంలో చూపిన రూపం. ఆ అరుపు ఆమెకు అలవోకగా వచ్చింది కాదు. పాడటం తెలిసిన మనిషి, ఇక్కడ పాట చాలదని నిర్ణయించుకుని చేసిన పని.

అదే రికార్డులో ‘డ్రైవా మాన్’ ఉంది. బానిసల మీద కొరడా పట్టుకుని నిలబడేవాడి పాట. ఐదు లెక్కల తాళం. ఆవృత్తానికొకసారి పడే డ్రమ్ దెబ్బ కొరడా దెబ్బలా ఉంటుంది. అందులో హాకిన్స్ శాక్సఫోన్ రీడు ఒకచోట కీచుమంది. సరిచేద్దామంటే హాకిన్స్ ఒప్పుకోలేదనీ, ఇలాంటి పాటలో అంతా నున్నగా ఉంటేనే తప్పన్నాడనీ, ఆ రికార్డు వెనక ఉన్న నాట్ హెంటాఫ్ రాశాడు. హాకిన్స్ 1904లో పుట్టినవాడు. జాజ్‌లో శాక్సఫోన్‌కు గౌరవం తెచ్చినవాళ్లలో మొదటివాడు. ఆయనకు శిల్పం తెలియదా? తెలుసు గనకే ఏ తప్పు ఉంచాలో తెలిసింది.

ఆబీ లింకన్ గొంతు శ్రుతికి కాస్త అటూఇటూగా నిలుస్తుందనే వాళ్లు ఉన్నారు. నిజమే, కొన్నిచోట్ల నిలుస్తుంది. పియానో మెట్లకు మధ్యలో పడే స్వరాలు బ్లూస్‌కు ప్రాణం. పియానోనే కొలబద్ద అనుకుంటే అవి తప్పులు. పాడేవాళ్ల సంప్రదాయాన్ని కొలబద్ద అనుకుంటే అవే ఒప్పులు. ప్రతి అపశ్రుతీ బ్లూసేనని నేననను. ఏది ఏదో తేల్చాలంటే ఆ సంప్రదాయంలో చెవి నానాలి అంటున్నాను.

ఈ సంగతినే లెరోయ్ జోన్స్ (తర్వాత అమీరీ బరాకా) 1963లో అదే ‘డౌన్ బీట్’లో ‘జాజ్ అండ్ ది వైట్ క్రిటిక్’ వ్యాసంగా రాశాడు. సంగీతం చేసినవాళ్లలో ముఖ్యులు నల్లవాళ్లు, విమర్శకుల్లో అత్యధికులు తెల్లవాళ్లు. వీళ్లు సంగీతాన్ని ఆస్వాదించారు గాని దాన్ని పుట్టించిన వైఖరిని పట్టించుకోలేదు అని ఆయన వాదన. తెల్లవాడు రాయకూడదని దానర్థం కాదు. ఆబీ లింకన్ రికార్డు తెచ్చిన హెంటాఫ్ కూడా తెల్లవాడే. రంగు కాదు, ఎక్కడ నిలబడి వింటున్నావన్నది ప్రశ్న. ఆ 1961 నవంబరులోనే కోల్ట్రేన్, డాల్ఫీల వాదనాన్ని ‘యాంటీ జాజ్’ అని ఇంకో సమీక్షకుడు కొట్టేశాడు. జాజ్ చేసినవాళ్లనే జాజ్ నుంచి వెలివేసే అధికారం అతనికి ఎవరిచ్చారు?

ఫలితం మాటేమిటి? ‘స్ట్రెయిట్ ఎహెడ్’ తర్వాత 1973లో జపాన్‌లో చేసేదాకా ఆబీ లింకన్ పేరు మీద రికార్డు లేదు. పన్నెండేళ్లు! ఒక్క సమీక్షే కారణమని చెప్పడం న్యాయం కాదు, ఆ రికార్డు కంపెనీ కూడా అప్పుడే మూతపడింది. కాని అలాంటి ముద్ర పడ్డ గాయనిని పిలవడానికి ఎందరు ముందుకొస్తారు? నక్షత్రాలు కాగితం మీదే ఉండవు, కడుపు దాకా వస్తాయి.

మన తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. ఆ పోరాట సంగీతం గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది మాక్స్ రోచ్‌ను కర్త అంటారు, ఆబీ లింకన్‌ను ఆయన చేతిలో వాద్యంలా చూస్తారు. ఆమె 1966లో ‘నీగ్రో డైజెస్ట్’లో ఒక వ్యాసం రాసింది. నల్ల స్త్రీని గౌరవించేదెవరని తనవాళ్లనే అందులో నిలదీసింది. 2003లో ‘నల్లపొద్దు’ సంకలనం వచ్చేదాకా దళిత స్త్రీల రచనల్ని ఒకచోట చేర్చి చూడని మనకు ఈ ప్రశ్న తగలదా?

చివరగా మన పని. దప్పు గురించి మనవాళ్లు రాసిన సమీక్షలు తీసి చూడండి. ‘దప్పు గర్జించింది’, ‘దప్పు నిప్పులు చెరిగింది’ అని ఉంటాయి. ఏ దరువు వేశారో ఉండదు. చావు దప్పుకూ జాతర దప్పుకూ నడక ఎక్కడ మారుతుందో ఉండదు. సిర్ర ఏం పలికింది, సిటికెనపుల్ల ఏం పలికింది, మంట దగ్గర తోలు ఎంత కాగితే ఆ శబ్దం వచ్చింది, ఉండదు. తెలిసినవాళ్లు లేరా? వాడవాడకూ ఉన్నారు. మనం వెళ్లి అడగలేదు. అవతలివాడు మన పాటను ‘నినాదం’ అని తోసేస్తే, మనం ‘గర్జన’ అని పొగిడి తోసేస్తున్నాం. రెండూ వినకుండా రాసినవే.

ఆబీ లింకన్ 2010 ఆగస్టులో చనిపోయింది. అప్పటికి లోకం ఆమెను గొప్ప కళాకారిణిగా ఒప్పుకుంది, 2003లోనే జాజ్‌కు ఇచ్చే పెద్ద జాతీయ గౌరవం ఇచ్చింది. గౌరవం సంతోషమే. కాని నలభై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. మన పాటగాళ్లకు అంత కాలం లేదు. వాళ్లు బతికుండగానే, వాళ్ల దరువుల పేర్లతో, వాళ్ల తప్పొప్పులతో సహా రాయడం నేర్చుకుందాం. కొలబద్ద దొంగిలించారని ఏడ్చినంత కాలం అది వాళ్ల చేతిలోనే ఉంటుంది. మనది మనం చేసుకోవాలి.