తేలికదనానికి వెల: థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ గుణదోష విచారణ

పుస్తకాన్ని సమీక్షించినట్లే పనిముట్టును కూడా సమీక్షించవచ్చును. రచయిత ఏమి చెప్పదలచాడు, ఎంతవరకు చెప్పగలిగాడు అని పుస్తకంలో చూస్తాము. పనిముట్టును చేసినవారు దేనిని సాధించదలచారు, దానికై దేనిని వదులుకొన్నారు అని ఇక్కడ చూడవలె. ఈ రెండవ ప్రశ్నను వ్యాపార ప్రకటనలు ఎన్నడూ అడగవు. కాబట్టి మనమే అడగవలసి ఉన్నది.

ఊరూరా తిరిగే ఉద్యోగుల కోసం తయారయ్యే తేలిక లాప్‌టాపులు కొన్ని సంవత్సరాల తరువాత కార్యాలయాల నుండి బయటపడి, శుభ్రపరచబడి, తక్కువ ధరకు ఉపాధ్యాయుల చేతికి, విద్యార్థుల చేతికి వస్తున్నాయి. మొదటి యజమానికి గుణమైనది రెండవ యజమానికి దోషం కావచ్చును. ఈ తరగతి యంత్రాలలో పేరు పొందిన ఎక్స్1 కార్బన్‌ను ఈ దృష్టితో పరిశీలిద్దాము.

థింక్‌ప్యాడ్ అనే పేరు 1992లో ఐబియం కంపెనీ విడుదల చేసిన 700సి వంటి నమూనాలతో ప్రసిద్ధికెక్కింది. నల్లని పెట్టె, కీబోర్డు నడుమ ఎర్రని చిన్న మీట దాని గుర్తులు. 2005లో ఐబియం వారి వ్యక్తిగత కంప్యూటర్ల శాఖను లెనోవో కంపెనీ కొన్నది. 2012లో ఆ కంపెనీ మొదటి ఎక్స్1 కార్బన్‌ను తెచ్చింది. 14 అంగుళాల తెర, సుమారు 1.36 కిలోల బరువు, దాదాపు 19 మిల్లీమీటర్ల మందం.

గుణదోషాలను తూచడానికి ఒక తూనికరాయి కావాలి. అదృష్టవశాత్తు అది ఆ కంపెనీలోనే ఉన్నది. అదే 2012లో, అదే 14 అంగుళాల తెరతో టి430 అనే మామూలు థింక్‌ప్యాడ్ కూడా వచ్చింది. దాని బరువు బ్యాటరీతో కలిపి సుమారు 2.17 కిలోలు. రెండింటికీ తేడా దాదాపు 800 గ్రాములు. ఈ 800 గ్రాములను తగ్గించడానికి ఏమేమి తీసివేశారు అన్నదే మన విచారణ.

మొదట గుణాలు. పేరులోని కార్బన్ అలంకారానికి పెట్టినది కాదు. యంత్రం దేహంలో కార్బన్ తంతువులను రెసిన్‌తో కలిపి చేసిన మిశ్రమ పదార్థాన్ని వాడారు. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు; ఈ మిశ్రమానిది సుమారు 1.6 గ్రాములు. తంతువులు పోయిన దిశలో దాని బిగువు చాలా ఎక్కువ. కాబట్టి పలుచని రేకుగా చేసినా వంగి తెరను నొక్కదు. పుస్తకాల సంచిలో నలిగే యంత్రానికి ఇది నిజమైన మేలు.

రెండవ గుణం కీబోర్డు. మీటలు కొద్దిగా పుటాకారంగా ఉండి వేలికి చక్కగా ఆనుతాయి. పలుచని యంత్రమైనా నొక్కినది స్పష్టంగా తెలుస్తుంది. ప్రశ్నపత్రాలు, పాఠ్య సామగ్రి టైపు చేసేవారు దీని విలువను ఒక్క రోజులోనే గ్రహిస్తారు.

తెర విషయంలో గుణమూ దోషమూ కలిసి ఉన్నాయి. ఆనాటి సాధారణ లాప్‌టాపు తెరలో అడ్డంగా 1366, నిలువుగా 768 బిందువులు, అంటే మొత్తం సుమారు 10.5 లక్షలు ఉండేవి. ఇందులో 1600, 900; మొత్తం 14.4 లక్షలు. అక్షరాలు నిండుగా కనిపిస్తాయి. పైపూత మెరవదు కాబట్టి కిటికీ వెలుగు ప్రతిఫలించి బాధించదు. కాని ఎదురుగా కూర్చున్నవారికి తప్ప పక్కవారికి రంగులు వెలిసినట్లు ఉంటాయి. ముగ్గురు విద్యార్థులు చుట్టూ చేరి చూడవలసిన చోట ఇది లోపమే.

ఇక వేగము, వేడి. ప్రాసెసరులో ఖర్చయ్యే విద్యుత్తు ముఖ్యంగా వోల్టేజి వర్గానికి, పౌనఃపున్యానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వోల్టేజిని, పౌనఃపున్యాన్ని చెరి పది శాతం తగ్గిస్తే ఖర్చు 0.9 × 0.9 × 0.9, అంటే 0.729 వంతు అవుతుంది. పది శాతం వేగాన్ని వదులుకొని 27 శాతం విద్యుత్తును ఆదా చేయగలము. తేలిక లాప్‌టాపుల రహస్యం ఇదే. ఎక్స్1 కార్బన్‌లో వాడిన ప్రాసెసర్లకు నిర్దేశించిన ఉష్ణ పరిమితి 17 వాట్లు. టి430లో సాధారణంగా వాడినవాటికి 35 వాట్లు. వీటిలో ఒకటైన ఐ5-3427యు కొద్దిసేపు 2.8 గిగాహెర్ట్‌జ్ వరకు పరుగెత్తగలదు. దాని మూల వేగం మాత్రం 1.8 గిగాహెర్ట్‌జ్. ఉత్తరం వ్రాయడానికి, లెక్కల పట్టిక తెరవడానికి ఆ చిన్న పరుగు చాలును. గంటసేపు వీడియోను కూర్పు చేయాలంటే వేడి పేరుకొన్నకొద్దీ వేగం తగ్గుతుంది. పలుచని పెట్టెలో వేడి పోయే దారి కూడా పలుచనే.

బ్యాటరీని విద్యార్థులే లెక్క వేయవచ్చును. దాని శక్తి సుమారు 45 వాట్-గంటలు. సగటున 7.5 వాట్లు వాడితే ఆరు గంటలు, 15 వాట్లు వాడితే మూడు గంటలు. బ్యాటరీ 35 నిమిషాలలో 80 శాతం నిండుతుందని కంపెనీ చెప్పింది. 45లో 80 శాతం 36 వాట్-గంటలు. 35 నిమిషాలలో అది చేరాలంటే సుమారు 62 వాట్ల సగటు వేగం కావాలి. 90 వాట్ల ఛార్జరుకు ఇది అసాధ్యం కాదు. అయితే లిథియం బ్యాటరీ వాడుకతో క్షీణిస్తుంది. శక్తి 60 శాతానికి దిగితే, 7.5 వాట్ల వాడుకలో ఆరు గంటలు మూడు గంటల 36 నిమిషాలు అవుతాయి. టి430లో ఆ బ్యాటరీని చేత్తో తీసి కొత్తది పెట్టుకోవచ్చును. ఎక్స్1 కార్బన్‌లో పెట్టె మరలు విప్పవలసిందే.

ఇదే వరుసలో అసలు దోషం వస్తుంది. టి430లో మెమరీ పలకలకు రెండు అరలు ఉన్నాయి; 16 జీబీ వరకు పెంచుకోవచ్చును. ఎక్స్1 కార్బన్‌లో మెమరీని మదర్‌బోర్డుకే టంకం వేసి అతికించారు. 4 జీబీతో కొన్నవారికి ఎప్పటికీ 4 జీబీయే. అర పెడితే మందం పెరుగుతుందన్నది నిర్మాతల సమాధానం. అది న్యాయమైన సమాధానమే. కాని వెబ్ పుటలు ఏటేటా బరువెక్కుతుంటే ఎదగలేని మెమరీ ఎంతకాలం సరిపోతుంది? దేహం ఇరవై ఏళ్లకు సరిపడేదిగా చేసి, మెదడును కొన్న రోజుననే ముద్ర వేసి బిగించారు. మొదటి యజమానికి ఈ లోపం తెలియదు. అతడు అప్పటికే కొత్త యంత్రానికి మారి ఉంటాడు. ఆ భారం మోసేది రెండవ యజమాని.

కంతల సంగతి కూడా చెప్పవలె. యూఎస్‌బీ కంతలు రెండే. నెట్‌వర్క్ తీగకు, పాతరకం ప్రొజెక్టరు తీగకు నేరుగా తావు లేదు. వేర్వేరు అడాప్టర్లు కొని మోయవలె. పాత ప్రొజెక్టరు ఉన్న పాఠశాలలో అడాప్టరు మరచిపోయిన ఉపాధ్యాయునికి ఆనాడు నల్లబల్లే గతి.

తేలికదనపు మోజు ఎక్కడ దారి తప్పుతుందో 2014 నాటి నమూనా చూపింది. అందులో పై వరుసలోని ఎఫ్1 మొదలైన మీటలను తీసివేసి, తాకితే మారే వెలుగు పట్టీని పెట్టారు. ఎర్రని మీట క్రింది విడి బొత్తాలను కూడా తొలగించారు. వేలు తడిమి గుర్తుపట్టే సౌకర్యం పోయింది. ప్రతిసారీ కళ్లు దించి చూడవలసి వచ్చింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. విమర్శలు వచ్చాయి. 2015 నమూనాలో నిజమైన మీటలు, విడి బొత్తాలు రెండూ తిరిగి వచ్చాయి. వాడేవారి విమర్శకు పనిముట్టును మార్చే బలం ఉన్నదనడానికి ఇది నిదర్శనం. 2018 నాటికి బరువు 1.13 కిలోలకు దిగింది. టంకం వేసిన మెమరీ మాత్రం అలాగే ఉండిపోయింది. దానిపై విమర్శ చాలినంత బలంగా రాలేదేమో.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. 2021లో వచ్చిన విండోస్ 11 ఈ రెండు పాత యంత్రాలనూ అంగీకరించదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. టి430కి మెమరీ పెంచినంత మాత్రాన ఈ ఇబ్బంది తీరదు. లినక్స్ వేసుకొంటే రెండూ ఇంకా పనిచేస్తాయి. అక్కడ కూడా 16 జీబీకి ఎదిగిన యంత్రం, 4 జీబీ దగ్గర ఆగిన యంత్రం ఒకటి కావు.

కాబట్టి తీర్పు ఇది. రోజూ బస్సులో వెళ్తూ, వ్రాతపని ఎక్కువగా చేసేవారికి ఎక్స్1 కార్బన్ ఉత్తమమైన పనిముట్టు. ప్రయోగశాల బల్లమీద కదలక పదిమంది వాడే చోటికి అది తగదు. అక్కడ 800 గ్రాముల తేలికదనం ఎవరికీ అక్కరకు రాదు, దానికై వదులుకొన్నవి మాత్రం రోజూ గుర్తుకు వస్తాయి. వాడిన తేలిక లాప్‌టాపును ఏ కంపెనీది కొన్నా ముందు నాలుగు సంగతులు తెలుసుకోండి: మెమరీ ఎంత, అది అతికించినదా, బ్యాటరీ మొదటి శక్తిలో ఎంత మిగిలింది, మీ పాఠశాల ప్రొజెక్టరు తీగ దానికి పట్టుతుందా. బరువు ఎంత అన్నది ఆ తరువాత అడగవచ్చును.