శంఖముల ఛాయాచిత్రములు – కుడి యెడమల విచారము

సముద్రమునకు ఎంతో దూరమున నున్న సికిందరాబాదుకు శంఖములతో ఏమి పని అని కొందరికి తోచవచ్చును. కాని ఛాయాచిత్ర కళతో ఆ నగరమునకు గల సంబంధము పాతది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) 1880ల దశకమున తన స్టూడియోను అచట నెలకొల్పెను. ఆయన తీసిన చిత్రముల గాజు నెగటివులు 2,857 వరకు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రమునకు చేరినవి. గాజు పలకకు రెండు ముఖములు. ఒక ముఖమున కాంతికి స్పందించు వెండి లవణముల పూత ఉండును. రెండవది ఉత్త గాజు. అచ్చు తీయునపుడు పలకను తిరగవేసినను బొమ్మ వచ్చును, కాని అద్దములోని ప్రతిబింబమువలె కుడి ఎడమలు తారుమారగును. అది ఒక నవాబుగారి చిత్రమైనచో పొరపాటు త్వరలోనే బయటపడును: నడుమున ఎడమవైపు వ్రేలాడవలసిన కత్తి కుడివైపు కనిపించును. శంఖమునకు అట్టి కత్తి లేదు.

పాఠ్యపుస్తకములలోను, గోడపటములలోను, ఇప్పుడు సెల్‌ఫోను తెరలమీదను శంఖముల, గవ్వల ఛాయాచిత్రములకు కొదువ లేదు. రంగు బాగున్నదా, వెనుక నలుపు కుదిరినదా అని మాత్రమే చూచి వానిని మెచ్చుకొనుట పరిపాటి యైనది. విజ్ఞానశాస్త్రము బోధించువారు మొదట అడుగవలసిన ప్రశ్న వేరు: చుట్టు ఎటు తిరిగినది? గుల్ల శిఖరమును పైకి, నోటిని తనవైపునకు ఉండునట్లు పట్టుకొని చూచినచో, నత్తజాతులలో నూటికి తొంబదికి పైగా నోరు కుడిచేతివైపుననే యుండును. వీనిని కుడిచుట్టు గుల్లలందురు. గుల్లను తలక్రిందులు చేసినను, బల్లమీద ఎటు త్రిప్పినను ఈ గుణము మారదు. మరచీలను తలక్రిందులు చేసినంత మాత్రమున దాని మర మారదు గదా! మార్చగలిగినవి అద్దము, తిరగవేసిన నెగటివు, నేటి కంప్యూటరులో ఒక మీట. పుటలో బొమ్మ లోపలివైపు చూచుచున్నట్లుండవలెనని దానిని అడ్డముగా తిరగవేయువారు, తాము ఒక జంతువు శరీర నిర్మాణమునే మార్చితిమని ఎరుగరు.

మహాచిత్రకారులకును ఈ చిక్కు తప్పలేదు. హాలండు దేశపు రెంబ్రాంట్ 1650లో కోనస్ మార్మోరియస్ అను శంకువు ఆకారపు గుల్లను రాగిరేకుపై గీసి అచ్చువేసెను. నల్లని గుల్లపై తెల్లని మచ్చలు, వానిమీద వాలిన వెలుగు చూడముచ్చటగా నుండును. కాని అచ్చులో అది ఎడమచుట్టు గుల్ల! కంటికి కనబడినదానిని కనబడినట్లే రేకుపై గీయుటచే అచ్చులో తిరగబడినది. విచిత్రమేమన, తన సంతకమును, సంవత్సరమును మాత్రము ఆయన రేకుపై తిరగవ్రాసి అచ్చులో సరిగా వచ్చునట్లు చేసికొనెను. తన పేరునకు చూపిన శ్రద్ధ నత్తకు చూపలేదు. కళాఖండముగా దాని విలువకు లోటు లేదు. జంతుశాస్త్ర తరగతిలో మాత్రము దానిని అద్దములో చూపవలసినదే.

మన దేశమున ఈ విషయము డబ్బుతో కూడినది. పూజామందిరములలోని శంఖము టర్బినెల్లా పైరమ్ అను జాతికి చెందినది. సామాన్యముగా అది కుడిచుట్టుదే. మిక్కిలి అరుదుగా దొరకు ఎడమచుట్టుదానిని దక్షిణావర్త శంఖమందురు. ఈ పేరు విన్న విద్యార్థి తికమకపడుట సహజము. సంప్రదాయమున శంఖమును నాళపు కొన పైకుండునట్లు పట్టి చూచి పేరు పెట్టిరి. శాస్త్రజ్ఞుడు శిఖరమును పైకి పెట్టి చూచును. తలక్రిందులు చేసినపుడు చుట్టు మారదు, నోరున్న ప్రక్క మారును. కావున శాస్త్రజ్ఞుని ఎడమచుట్టు శంఖమే భక్తుని దక్షిణావర్తము. సామాన్య శంఖపు ఛాయాచిత్రమును తిరగవేసినచో కాసు ఖర్చు లేకుండ ఇట్టి శంఖము కాగితముపై పుట్టును! మరియొక మోసమున్నది. అమెరికా తూర్పు తీరమున సహజముగనే ఎడమచుట్టుగా పెరుగు వేరొక నత్త గుల్లను దక్షిణావర్తమని అమ్ముట కలదు. రెంటిని వేరుచేయు గుర్తు నోటిలోపల నున్నది: అసలు శంఖపు నడిమి స్తంభముపై మూడు నాలుగు స్పష్టమైన మడతలుండును, అమెరికా గుల్లకు అట్టివి ఉండవు. నోటిని చీకటిలో వదలిన ఛాయాచిత్రము ఎంత సొగసైనదైనను ఇచట పనికిరాదు. దీపమును ఒక ప్రక్కనుంచి, ఎదుటి ప్రక్క ఒక తెల్లని అట్టముక్కను నిలిపి దానినుండి మరలిన కాంతిని నోటిలోనికి పంపినచో మడతలు తేటపడును. కెమేరాకు అంటియున్న ఫ్లాష్ దీపము నేరుగా కొట్టు వెలుగు ఎత్తుపల్లములను చదునుచేసి వేయును.

గుల్లల ఛాయాచిత్రములలో ప్రపంచ ప్రసిద్ధమైనది అమెరికా దేశస్థుడు ఎడ్వర్డ్ వెస్టన్ 1927లో తీసిన నాటిలస్ చిత్రము. హెన్రియెటా షోర్ అను చిత్రకారిణి గీసిన గుల్లల చిత్రములను చూచి ఆయన ఈ వస్తువుపై మనసుపెట్టెను. ముందునుండి వెనుకవరకు అంతయు స్పష్టముగా రావలెనని కటకపు రంధ్రమును మిక్కిలి చిన్నది చేసినందున, ఆయన గుల్లల చిత్రములలో కొన్నింటికి గంటల కొలది కాంతిని ఇయ్యవలసివచ్చినది. ఆ మధ్యలో గుల్ల వెంట్రుకవాసి జరిగినను శ్రమ వ్యర్థమే. తెలుపునుండి నలుపునకు వెలుగు జారు తీరులో దీనికి సాటి అరుదు. అయితే ఇందు రంగు లేదు, పరిమాణము తెలుపు కొలత లేదు. గుల్ల నిలిచిన భంగిమ కళాకారునిది, జీవిది కాదు. ఒక్క విషయమున వెస్టన్ అదృష్టవంతుడు. నాటిలస్ ఒకే తలములో చుట్టుకొనును గనుక దానికి కుడిచుట్టు, ఎడమచుట్టు అను భేదము లేదు. తిరగవేసినను నాటిలస్ నాటిలసే. ఇక నాటిలస్ చిత్రముల క్రింద తరచుగా వ్రాయు 'బంగారు నిష్పత్తి' మాట సరికాదు. ఆ నిష్పత్తి ప్రకారము చుట్టు ఒక పూర్తి ఆవృత్తికి దాదాపు 7 రెట్లు పెరుగవలెను. నాటిలస్ సుమారు 3 రెట్లే పెరుగును. స్కేలుతో కొలిచి తరగతిలోనే తేల్చుకొనవచ్చును.

రంగు విషయమున చిక్కు మరింత గట్టిది. ముత్యపు చిప్ప లోపలి ధగధగలకు అద్దకపు రంగు కారణము కాదు. అర మైక్రాను మందముగల అరగొనైటు పలకల దొంతరలపై కాంతి తరంగములు వ్యతికరణము చెందుటచే అవి పుట్టును. విశాఖపట్టణమున బాల్యము గడపిన సర్ సి. వి. రామన్ 1930ల దశకమున ఇట్టి గుల్లలను గూర్చి ప్రత్యేకముగా పరిశోధించి వ్యాసములు ప్రకటించెను. చూచు కోణము మారగనే రంగు మారును. కావున ముత్యపు చిప్పకు ఒకే ఛాయాచిత్రము తీసి ఇదియే దీని రంగు అనుట సాహసము. దీపమును కదల్చి రెండైనను తీసి, దీపమెచట నున్నదో క్రింద వ్రాయవలెను. గవ్వ వీపుమీద కిటికీ బొమ్మ పడుట వేరు సమస్య. దీపమునకు పలుచని తెల్లకాగితము అడ్డుపెట్టినచో అది మెత్తబడును. ధ్రువణ ఫిల్టరు సుమారు 57 డిగ్రీల పతనకోణమున వచ్చు మెరుపునే పూర్తిగా తొలగించును. గవ్వ వీపు గుండ్రనిది గనుక ఒక చారమేర మాత్రమే ఫలించును.

గుల్లపై గీతలు, చుక్కలు ఒక్కసారిగా పడినవి కావు. జీవి తన గుల్ల అంచున కొత్త సున్నపు పొర చేర్చునపుడే రంగును కూడ చేర్చును. ఆ అంచే ఈ దినచర్యలో చివరి పుట. చట్రము అందముకొరకు పెదవిని కత్తిరించిన చిత్రము ఆ పుటను చింపినట్లే. కాకినాడ అఖాతమున గుల్లసున్నమునకు ఏరు చిప్పలే మన పాఠశాలలకు చాలును. గరుకు గాడులుగల చిప్పకు వాలు వెలుగు, పాక్షికముగా పారదర్శకమై ఒకప్పుడు గోవా ఇండ్ల కిటికీలకు బిగించిన పలుచని చిప్పకు వెనుకవెలుగు తగినవి. ప్రక్కన ఏరిన చోటు, తేదీ వ్రాసిన కాగితపు చీలికను, అంకెలుగల స్కేలును ఉంచవలెను. ఎవరైన బొమ్మను తిరగవేసినచో మొదట ఆ అక్షరములే తలక్రిందుగాక, వెనుకముందుగా కనిపించును.