కార్డు మీది వాక్యం ఎవరిది? – ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అభిమానుల వాదాల్లో అర్థనిర్ణయాధికారం

వాక్యానికి అర్థం చెప్పే అధికారం ఎవరిదన్న ప్రశ్న సాహిత్య విమర్శకు కొత్తది కాదు. రచయిత మరణాన్ని గురించి రోలాఁ బార్త్ 1967లో రాశాడు. 1980లో స్టాన్లీ ఫిష్ అర్థాన్ని వ్యాఖ్యాతృ సమాజాల చేతిలో పెట్టాడు. పాఠకుడి ప్రాధాన్యాన్ని గురించి మనం చేసే చర్చ తరచుగా ఈ రెండు మెట్ల మీదనే నిలుస్తుంది. అయితే పాఠకుడే కొనుగోలుదారుడై, పాఠం ఒక వాణిజ్య సంస్థ ఆస్తియై, అచ్చయిన వాక్యాన్ని ఆ సంస్థ ఎప్పుడైనా మార్చగలిగిన చోట వ్యాఖ్యానం ఏ రూపం తీసుకుంటుంది? ఈ ప్రశ్నకు నవలలకంటె ఒక అమెరికన్ కార్డుల ఆట మంచి ఆధారాలు ఇస్తుంది. దాని అభిమానులు మూడు దశాబ్దాలుగా సాగిస్తున్న వాదాలను ఒక వ్యాఖ్యాన సంప్రదాయంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గణితశాస్త్రజ్ఞుడు రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ను విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 1993లో విడుదల చేసింది. 1999లో ఆ సంస్థను హాస్‌బ్రో కొన్నది. ఆటగాళ్లు మాంత్రికులు; కార్డులు వారి మంత్రాలు, వారు పిలిచే ప్రాణులు. మన పేకాటలో కట్ట అందరిదీ. ఇక్కడ ఎవరి కట్ట వారిదే. వేల కార్డుల్లోంచి కనీసం 60 ఎంచుకొని ‘డెక్’ కూర్చుకోవాలి. కార్డు మీద బొమ్మ, నియమవాక్యం, చాలావాటి మీద ఒక చిన్న కథావాక్యం ఉంటాయి. అందువల్ల ఒకే కార్డును శాసనంగానూ, పనిముట్టుగానూ, కథగానూ చదవవచ్చు. అభిమానుల తగవులు చాలావరకు ఈ మూడు పఠనాలు ఢీకొన్నచోట పుట్టినవే.

శాసనంగా కార్డు

ఈ ఆట నియమావళిలో మొట్టమొదటి సూత్రం విచిత్రమైనది: కార్డు మీది మాట నియమావళికి విరుద్ధంగా ఉంటే కార్డు మాటే చెల్లుతుంది. బాలవ్యాకరణం పాఠం చెప్పినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. సామాన్య విధి ఉత్సర్గం, కార్డు అపవాదం. ఒక్కొక్క కార్డూ ఒక్కొక్క అపవాదమైనప్పుడు రెండు అపవాదాలు ఎదురుపడితే ఏమి చేయాలన్నదే అసలు చిక్కు.

అభిమానులు ఎన్నటికీ విడువని ఉదాహరణ ఒకటి చూద్దాం. 1997లో వచ్చిన ‘హ్యుమిలిటీ’ అనే మంత్రబంధం అన్ని ప్రాణుల ప్రత్యేక శక్తులనూ హరించి, ప్రతిదాని బలాన్నీ సత్తువనూ 1కి దింపుతుంది. 1999 నాటి ‘ఓపలెసెన్స్’ తనను మినహాయించి ఇతర మంత్రబంధాలను (మరొక కార్డుకు అంటి ఉండేవి తప్ప) ప్రాణులుగా మారుస్తుంది. ఎంత ఖర్చుతో ఆడిన కార్డుకు అంత బలం. ఈ రెండూ ఒకేసారి బల్ల మీద ఉంటే హ్యుమిలిటీ కూడా ప్రాణి అవుతుంది. ప్రాణి అయినందున తన వాక్యమే తన శక్తిని హరిస్తుంది. శక్తి పోయిన వాక్యం దేన్నైనా ఎలా హరించగలదు? తన కొమ్మను తానే నరుక్కునే వాక్యం ఇది.

నియమావళి దీనికి చెప్పే సమాధానం తర్కబద్ధమైనది. నిరంతర ప్రభావాలన్నిటినీ ఏడు పొరలుగా విభజించి వరుసగా అన్వయించాలి. జాతిని మార్చేవి నాలుగో పొరలో, శక్తులను తీసివేసేవి ఆరో పొరలో, బలాన్ని నిర్ణయించేవి ఏడో పొరలో వస్తాయి. ఒక పొరలో అన్వయం మొదలైన ప్రభావం, దాని మూలమైన శక్తి మధ్యలో నశించినా, తరువాతి పొరల్లో కొనసాగుతుంది. ఏడో పొరలో రెండు కార్డులూ హ్యుమిలిటీ బలాన్ని నిర్ణయించబోతాయి; బల్ల మీదికి తరువాత వచ్చినదే గెలుస్తుంది. ఓపలెసెన్స్ వెనుక వస్తే హ్యుమిలిటీ బలం 4, ముందు వస్తే 1. తుల్యబల విరోధంలో పరవిధికి ప్రాబల్యమిచ్చే పాణినీయ పద్ధతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. అక్కడ పరత్వాన్ని సంప్రదాయం గ్రంథంలోని సూత్రక్రమాన్ని బట్టి నిర్ణయించింది. ఇక్కడ అది ఆటలోని కాలక్రమాన్ని బట్టి ఉంటుంది. శాస్త్రం చదవని యువకులు సరదా కోసం ఆడే ఆటలో ఇంత సూక్ష్మమైన వాక్యార్థ విచారం చేయడం చిన్న విషయం కాదు.

పోలిక ఇక్కడితో ఆగుతుంది. మీమాంసకుడికి వేదం అపౌరుషేయం. వాక్యాన్ని దిద్దడానికి కర్త లేడు గనుక వ్యాఖ్యానమే శరణ్యం. ఈ ఆటలో కర్త ఉన్నాడు, దిద్దుతాడు. కార్డు మీద అచ్చయిన వాక్యానికి ప్రామాణ్యం లేదు. సంస్థ నిర్వహించే ‘ఒరాకిల్’ పాఠమే ప్రమాణం. పాత కార్డును చేతిలో పట్టుకున్న ఆటగాడు దాని మీద లేని మాటల ప్రకారం ఆడవలసిన సందర్భాలు అనేకం. మూలప్రతిని శిరోధార్యంగా భావించే పాఠపరిష్కర్తలకు ఇది తలకిందుల లోకం.

చచ్చిన గాబ్లిన్ దెబ్బ

దిద్దుబాటు ఎంత దూరం పోగలదో 2009 నాటి నియమ సవరణలో కనిపిస్తుంది. 1999 నుంచి అప్పటిదాకా పోరాటంలోని దెబ్బలు తగిలేముందు ‘స్టాక్’ అనే నిరీక్షణ వరుసలో ఉండేవి. ఆ విరామంలో ఆటగాళ్లు మంత్రాలు వేయవచ్చు. ‘మాగ్ ఫనాటిక్’ అనే ఒక చిన్న గాబ్లిన్ ఇందువల్లనే ప్రసిద్ధి కెక్కింది. దాని దెబ్బ వరుసలో ఉండగా దాన్ని బలి ఇచ్చి, బలికి ప్రతిఫలంగా మరొక దెబ్బ కొట్టవచ్చు. గాబ్లిన్ చచ్చినా మొదటి దెబ్బ తగులుతుంది. 2009లో ఆ విరామాన్ని తొలగించారు. ఇక పోరాడించడమో, బలి ఇవ్వడమో ఏదో ఒకటే.

నైపుణ్యం పోయిందని ఒక పక్షం, కథకు న్యాయం జరిగిందని మరొక పక్షం వాదించాయి. గాలిలో ఆగిపోయిన పిడికిలి వెనుక మనిషి లేకపోవడం రెండో పక్షానికి అసంబద్ధం. మొదటి పక్షానికి అసలు పిడికిలే లేదు. ఉన్నవి అంకెలు, వాటి క్రమం. శాసనపఠనమూ కథాపఠనమూ ముఖాముఖి నిలిచిన ఈ వాదంలో నాకు మొదటి పక్షం వాదనే బలంగా కనిపిస్తుంది. చదరంగంలో ఏనుగు అసలు ఏనుగులా నడవదని ఎవరూ ఫిర్యాదు చేయరు గదా.

అదే సవరణలో పరిభాష కూడా మారింది. ‘ఆటలో ఉన్న’ కార్డులు ‘రణభూమి’లో ఉన్నవయ్యాయి. ‘ఆట నుంచి తొలగించిన’ కార్డు ‘ప్రవాసం’లోకి వెళ్లింది. పైకి ఇది అలంకారమే. కాని 2002 నాటి ‘బర్నింగ్ విష్’ ఆట వెలుపలి నుంచి తన యజమాని కార్డు ఒకదాన్ని తెచ్చుకోనిస్తుంది. తొలగించిన కార్డు వెలుపల ఉన్నట్టే లెక్క గనుక అంతవరకు దాన్ని కూడా తెచ్చుకోగలిగేవారు. ప్రవాసం ఆటలోని భాగం కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. పేరు మారితే వస్తుధర్మం మారిన ఘట్టం ఇది.

డెక్, కథ

డెక్ గురించిన వాదాల్లో అభిమాన విమర్శ అత్యుత్తమ స్థాయిని అందుకున్నది మైకేల్ ఫ్లోరెస్ 1999లో రాసిన ‘హూ ఈజ్ ద బీట్‌డౌన్’ వ్యాసంలో. ఏ పోటీలోనైనా ఒక డెక్ దాడి చేయవలసినది, రెండోది నిలువరించవలసినది. ఎవరి పాత్ర ఏదో పొరబడినవాడు ఓడిపోతాడని దాని సారాంశం. పాత్ర డెక్ స్వభావంలో లేదు, ఎదుటి డెక్‌తో సంబంధంలో ఉంది. అర్థం పదంలో కాక సంబంధంలో ఉంటుందన్న భాషాశాస్త్ర సూత్రాన్ని ఫ్లోరెస్ వేరే దారిలో అందుకున్నాడు.

కథ విషయంలో పాఠకుల బలం కొంత ఎక్కువ. చాండ్రా, నిస్సా అనే ఇద్దరు స్త్రీ పాత్రల మధ్య అనురాగాన్ని అభిమానులు కథల్లో చదువుకుంటూ వచ్చారు. 2019లో గ్రెగ్ వైస్‌మన్ నవల దాన్ని కొట్టివేసే ధోరణిలో రాయడంతో తీవ్ర నిరసన వచ్చింది. 2023 నాటి కథలో వారి ప్రేమ స్పష్టంగా ధ్రువపడింది. నిరసన ఒక్కటే కారణమనలేము. ఏమైనా కథను దిద్దడానికి సంస్థకు అయ్యే ఖర్చు తక్కువ. కార్డు సంగతి అలా కాదు.

ఆస్తిగా కార్డు

అభిమానులను హెన్రీ జెన్కిన్స్ 1992లో పాఠాలను దొంగచాటుగా వేటాడేవారిగా వర్ణించాడు. ఈ ఆటగాళ్లకు ఆ వర్ణన నప్పదు. వారు ప్రతి వాక్యాన్నీ డబ్బు పెట్టి కొన్నవారు. కొన్ని పాత కార్డులను మళ్లీ అచ్చు వేయబోమని సంస్థ 1996లో మాట ఇచ్చింది. సేకర్తల ఆస్తికి అది రక్షణ. కనుక ఒక కార్డును నిషేధించాలా అన్న వాదంలో ఆట సమతూకం గురించి మాట్లాడే గొంతుతోనే పెట్టుబడి కూడా మాట్లాడుతుంది.

‘కమాండర్’ ఆటపద్ధతి చరిత్ర దీనికి నిదర్శనం. 100 కార్డుల డెక్, 40 ప్రాణాంకాలతో ఆడే ఈ పద్ధతి సంస్థ సృష్టి కాదు. అలాస్కాలో అభిమానుల మధ్య పుట్టి, షెల్డన్ మెనరీ అనే న్యాయనిర్ణేత ద్వారా వ్యాపించింది. దాని నియమాలను స్వతంత్రమైన రూల్స్ కమిటీ చూసేది. ఫిష్ చెప్పిన వ్యాఖ్యాతృ సమాజం స్వపరిపాలన సాధించిన అరుదైన సందర్భమిది. 2024 సెప్టెంబరు 23న ఆ కమిటీ ‘మానా క్రిప్ట్’, ‘జ్యూవెల్డ్ లోటస్’ వంటి ఖరీదైన కార్డులతో కలిపి నాలుగింటిని నిషేధించింది. సభ్యులకు బెదిరింపులు వచ్చాయి. వారం తిరిగేసరికి, 30వ తేదీన, కమాండర్ నిర్వహణ విజర్డ్స్ సంస్థ చేతికి వెళ్లింది. తమ ఆటను కంపెనీ నుంచి కాపాడుకోవాలని ఏళ్ల తరబడి వాదించిన సమాజంలోనే కొందరి ఆగ్రహం దాన్ని కంపెనీకి అప్పగించింది.

2020లో అచ్చయిన జ్యూవెల్డ్ లోటస్ ఇచ్చే శక్తిని కమాండర్‌ను పిలవడానికే వాడుకోవాలని దాని నియమవాక్యం చెబుతుంది. ఆ వాక్యానికి పూర్తి అర్థమున్నది ఒక్క కమాండర్ పద్ధతిలోనే. నిషేధం పడినదీ అక్కడే. కార్డు మీద మాత్రం ఒక్క అక్షరమూ మారలేదు.