ఎడమకాలి చదువు

వాన వెలిసిన మర్నాడు నాందేడ్‌లో నల్లరేగడి నేల మీద ఫుట్‌బాల్ ఆడినవాడికి తెలుస్తుంది, బంతిని కాలి దగ్గరే పెట్టుకుని పరిగెత్తడం ఎంత కష్టమో. నాలుగడుగులు వేసేసరికి కాళ్లకు మట్టి ముద్దలు కడుతుంది. బంతి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. ఇక మిగిలిన దారి ఒక్కటే, పక్కవాడికి ఇచ్చేయడం. మా వీధి పిల్లలు తెలుగూ మరాఠీ దక్కనీ కలిపేసి 'పాస్ దే రే' అని అరుచుకుంటూ ఆడతారు. అరుపు అందరిదీ, పాస్ ఇచ్చేవాడు మాత్రం ఎవడూ ఉండడు. మొన్న వాళ్లను కూర్చోబెట్టి ఒక షరతు పెట్టాను. కుడికాలివాడు ఎడమకాలితోనే కొట్టాలి, ఎడమకాలివాడు కుడికాలితోనే. మంచికాలు తగిలితే ఫౌల్.

ఈ షరతు నాది కాదు, సయ్యద్ అబ్దుల్ రహీం గారిది. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదువుకుని, కాచిగూడ బడిలో పంతులుగా పనిచేసిన మనిషి. ఆటగాళ్లు ఆయన్ని రహీం సాబ్ అనేవారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1956 నవంబర్ 1 దాకా మా నాందేడ్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. అందుకే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంప్రదాయం గురించి రాస్తుంటే ఊరి పెద్ద గురించి రాస్తున్నట్టే ఉంటుంది నాకు.

రహీం సాబ్ పోటీలు పెట్టిన తీరే ఆయన పాఠ్యపుస్తకం. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి అందగానే ఇచ్చేయాలి. ఇంకో పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. ఎదుగుతున్న పిల్లలకు ఎత్తు హద్దు పెట్టి వేరే పోటీలు. ఉపన్యాసాలతో అలవాట్లు మారవని బడిపంతులుకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఆటగాడు దేని మీద ఆనుకుంటున్నాడో దాన్ని లాగేస్తే, రెండోది దానంతటదే పెరుగుతుంది.

డ్రిబ్లింగ్ లేని ఆటనే తీసుకోండి. బంతి వచ్చాక ఆలోచించుకుందాం అనేవాడికి అక్కడ చోటు లేదు. బంతి ఇంకా దారిలో ఉండగానే తల తిప్పి చూసుకోవాలి: మనవాళ్లెక్కడ, ఎదుటివాళ్లెక్కడ, ఖాళీ ఎక్కడ. ఒళ్లు కూడా ముందే తిరిగి ఉండాలి. బంతికి ఎదురుగా నిటారుగా నిలబడినవాడు దాన్ని వచ్చిన దారినే వెనక్కి పంపగలడు, అంతే. కాస్త పక్కకు తిరిగి, ఒక భుజం గోల్ వైపు పెట్టినవాడికి ముందుదారి కూడా తెరుచుకుంటుంది. ఇచ్చినవాడి పని ఇవ్వడంతో తీరదు. ఇచ్చి నిలబడిపోతే ఆట అక్కడే ఆగిపోతుంది. ఇచ్చిన మరుక్షణం కదిలితే ఇద్దరి పక్కన మూడోవాడు చేరి ముక్కోణం అవుతుంది, మధ్యలో చిక్కిన డిఫెండర్ ఎటు పోవాలో తేల్చుకునేలోగా బంతి దాటిపోతుంది. ఎంత వేగంగా పరిగెత్తేవాడైనా బంతి కంటే వేగంగా పరిగెత్తలేడు. ఈ ఒక్క సంగతి ఒంటికి పట్టడానికే ఆ పోటీ.

బలహీనకాలి ఆట ఇంకా లోతైనది. ఒంటికాలి ఆటగాడు ఎదుటివాడికి తెరిచిన పుస్తకం. కుడికాలివాడిని కుడివైపు మూసేస్తే సగం మనిషే మిగులుతాడు. రెండు కాళ్లూ పలికేవాడు ఎటు తిరుగుతాడో డిఫెండర్ పోల్చుకోలేడు. బంతిని మంచికాలి మీదికి మార్చుకోవడానికి పట్టే అరక్షణం కూడా ఆ రెండుకాళ్లవాడికి మిగులుతుంది. గోల్ ముందు ఆ అరక్షణమే ఆట. ఇంకో లాభం పిల్లల్ని చూస్తుంటే తెలిసింది. రెండోకాలితో కొట్టాలంటే ఒంటిబరువు మోయాల్సింది మొదటికాలు. అంతవరకూ తన్నడం మాత్రమే తెలిసిన కాలికి నిలబడటం నేర్పాలి.

ఈ చదువుకు ఫలితం హైదరాబాద్ సిటీ పోలీసు జట్టులో కనిపించింది. 1950లో రహీం సాబ్ ఆ జట్టు శిక్షకుడయ్యారు. ఆ ఏడాదే మోహన్‌బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎవరికీ వదల్లేదు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, సలాం, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్ లాంటి హైదరాబాదీల పేర్లు భారత జట్టు జాబితాలో మామూలు విషయమైపోయాయి.

దూరదేశంలో ఇంకొకాయన ఇదే బాట పట్టిన కథ ఉంది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో, నెల్సన్ అనే ఊళ్లో 1882లో పుట్టిన జిమ్మీ హోగన్. బర్న్‌లీ, ఫుల్హమ్, బోల్టన్ జట్లకు జీతానికి ఆడిన వృత్తి ఆటగాడు. ఫుల్హమ్‌లో ఉన్న రోజుల్లో ఆ జట్టు 1908లో ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఆటగాడిగా ఆయన పేరు అక్కడితో సరి. బర్న్‌లీలో ఒకసారి షాట్ గోల్ మీంచి పోతే, నా కాలు తప్పా, ఒంటి వాలు తప్పా అని మేనేజర్ని అడిగాడట. కొడుతూ ఉండు, పదింటిలో ఒకటి పడితే చాలు అన్నాడట ఆ పెద్దమనిషి. హోగన్‌కు ఆ జవాబు మింగుడుపడలేదు. మిగతా తొమ్మిది ఎందుకు పడలేదో తెలుసుకోవాలన్న పట్టుదలే ఆయన్ని గురువును చేసింది.

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఆటగాళ్లకు బంతి ఇచ్చి నేర్పే అలవాటు తక్కువ. వారమంతా పరిగెత్తిస్తే, శనివారానికి బంతి మీద ఆకలి ఉంటుందని నమ్మేవారు. హోగన్ సముద్రం దాటి హాలండ్ వెళ్లాడు, తర్వాత వియన్నా. మొదటి ప్రపంచయుద్ధం రావడంతో శత్రుదేశస్తుడిగా నిర్బంధంలో పడి, చివరికి బుడాపెస్ట్‌లో ఎంటీకే క్లబ్‌కు చేరాడు. బంతిని ఆపడం, రెండు కాళ్లతో ఇవ్వడం, నేల మీద చిన్న పాస్‌లతో ముందుకెళ్లడం అక్కడి కుర్రాళ్లకు నేర్పాడు. 1953 నవంబర్ 25న హంగరీ జట్టు లండన్ వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. ఇదంతా మాకు నేర్పింది హోగనేనని హంగరీ ఫుట్‌బాల్ పెద్దలే చెప్పారు. సొంత ఊరు వినని పాఠాన్ని పరాయి ఊరు నేర్చుకుని వచ్చి అప్పజెప్పింది.

రహీం సాబ్‌కు అలాంటి చేదు లేదు. ఆయన మాట సొంత ఊరు విన్నది. అయినా దెబ్బలు తప్పలేదు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో, ఆయన శిక్షణలోని భారత జట్టులో చాలామంది ఒట్టికాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడిపోయారు. బూట్లు తప్పనిసరి అయింది ఆ తర్వాతే. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టే ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట మాత్రం మనం ఓడిపోయిన ఆట. 1960 ఆగస్టు 26, ఇటలీలో లాక్విలా అనే చిన్న పట్నం, రోమ్ ఒలింపిక్స్. హోగన్ బాట నడిచిన హంగరీ ఒకవైపు, రహీం సాబ్ కుర్రాళ్లు ఒకవైపు. హంగరీ 2-1తో గెలిచింది, తర్వాత కాంస్యం కూడా పట్టుకెళ్లింది. మన ఆ ఒక్క గోల్ తులసీదాస్ బలరాంది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన పిల్లవాడు. శిక్షణకు రోజూ నగరం దాకా రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చారు. సంప్రదాయం అనే పెద్ద మాట వెనక ఇలాంటి అద్దె సైకిళ్లు ఉంటాయి. వాటిని లెక్కలో వేయకపోతే కథ సగమే చెప్పినట్టు.

1962 సెప్టెంబర్ 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. స్టేడియం నిండా జనం, ఆ జనమంతా మనకు ఎదురు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు అంతకుముందే గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ అతను గోల్ కొట్టాడు. పి.కె. బెనర్జీ కొట్టిన గోల్‌తో కలిపి కొరియా మీద 2-1. ఉన్న బలాన్ని తీసేసి లేని బలాన్ని తెప్పించడం ఆయన హైదరాబాద్ మైదానాల్లో ఏళ్ల తరబడి చేసిన పనే. ఆ సమయానికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది. 1963 జూన్ 11న పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. నయీముద్దీన్, హబీబ్ లాంటి తర్వాతి హైదరాబాదీలు బతుకుతెరువుకు కలకత్తా క్లబ్బుల దారి పట్టారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో నయీముద్దీన్ నాయకత్వంలో వచ్చిన కాంస్యమే ఇప్పటికీ ఆఖరి పతకం.

ఇక మా వీధి పిల్లల సంగతి. మొదటి సాయంత్రం ఆట ఆటలా లేదు. గాలిలో తన్నేవాళ్లు, తన్ని పడేవాళ్లు, అలిగి ఇంటికి పోయినవాళ్లు ఇద్దరు. ఐదో రోజుకు అరుపులు తగ్గాయి. తన కాలి మీద తనకు నమ్మకం లేనివాడు త్వరగా పక్కవాడికి ఇచ్చేస్తాడు కదా, ఇవ్వడానికి ముందే వెతుక్కోవడం మొదలుపెట్టాడు. పదో రోజున, ఎప్పుడూ ఎవరికీ బంతి వదలని సన్నటి కుర్రాడొకడు తల ఎత్తి చూసి, ఎడమకాలి లోపలివైపుతో బురద మీదుగా మెల్లగా ఒక పాస్ తోశాడు. అది అవతలివాడి కాలి దగ్గర సరిగ్గా ఆగింది. వాడు కొట్టిన షాట్ గోల్ పక్కనుంచి పోయింది. సన్నటి కుర్రాడు అటు చూడనే లేదు, తన ఎడమకాలినే చూసుకుంటూ నిలబడిపోయాడు.