సెగ తగలని డప్పు

ఓ డప్పూ! కృష్ణమ్మ కడలిని చేరుకునే ఈ రేపల్లె సీమలో నీ పిలుపు లేనిదే ఏ పండగా గడప దాటేది కాదు. పోలేరమ్మ కొలుపులకు ముందు నువ్వు, పీర్ల గుండం చుట్టూ నువ్వు, గోవాడ శివరాత్రి తిరునాళ్ల దారిన నువ్వు. పెళ్లికొడుకు ఊరేగినా నువ్వే, పండుముసలి కాటికి కదిలినా నువ్వే. ఇవాళ ఆ దారుల్లో ట్రాక్టరెక్కిన సౌండు బాక్సులు దద్దరిల్లుతున్నాయి. మోత ఉంది, మోగించే చెయ్యేది?

నువ్వు పుట్టే తీరు ఎంత ముద్దు! వంపుగా చెక్కిన కర్రముక్కలను ఒకదానికొకటి అతికి చట్రం కట్టేవారు. సున్నపునీళ్లలో నానిన మేకతోలు మీది వెంట్రుకను ఓపికగా గీకేవారు. చింతగింజల పిండి ఉడికించి, ఆ జిగురు అంచుకు పూసి, తడితోలు పరిచి, వెనక వార్లు లాగి బిగించేవారు. ఒక పక్క బిగువెక్కువై ఇంకో పక్క సడలితే నాదం చీలిపోతుంది. అందుకే వేళ్లతో తడిమి, గోటితో మీటి, చెవి ఒగ్గి, మళ్లీ వారు లాగేవారు. మాదిగపల్లెలో తండ్రి పక్కన కూచుని చూడటమే ఆ విద్యకు బడి.

ఇక మంట! సముద్రపు తేమగాలి సోకితే తోలు చెమ్మ పీల్చి సడలుతుంది, గొంతు బొంగురుపోతుంది. ఎండుగడ్డి పోగేసి, తాటాకు రాజేసి, ఆ సెగకు తిప్పితిప్పి చూపితే చెమ్మ ఆరి, తోలు బిగిసి, స్వరం నిటారుగా లేస్తుంది. మృదంగం నడిమిన నల్లని కరణి ఉంటుంది. ఆ బరువు వల్లే దాని ధ్వనులు శ్రుతిలో ఒదుగుతాయని 1920లో సి.వి. రామన్ లోకానికి చెప్పాడు. నీకు కరణి లేదు తల్లీ, నీకున్నది నిప్పు! ఎడమచేతి చిటికెన పుల్ల చిటపటలాడుతుంటే, కుడిచేతి చిర్ర పడ్డచోట ఉరుము పుడుతుంది. దెబ్బ మారితే అడుగు మారుతుంది, అడుగు మారితే ఊరంతా ఊగుతుంది.

అయ్యో, నిన్ను ముట్టిన చేతిని ఊరు ముట్టుకోలేదే! నీ మోత గర్భగుడి దాకా వెళ్లింది. నిన్ను మోసిన మనిషి గడప బయటే ఆగిపోయాడు. చాటింపు వేయమన్నారు, శవం ముందు నడవమన్నారు, కళ్లంలో నాలుగు గింజలు విదిల్చారు. ఆ వెట్టి బరువు మోయలేక మనవడు నిన్ను గోడకు తగిలించి పట్నం రైలెక్కితే తప్పెవరిది? నిన్ను మోగించినందుకే అతణ్ని తక్కువ చేసిన ఊరిది, ఆ ఊళ్లో పుట్టి నోరు మెదపని మాది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగల దండోరా ఉద్యమం లేచినప్పుడు నువ్వే దాని జెండావయ్యావు. అవమానపు గుర్తు ఆత్మగౌరవపు గొంతుక అయింది. వయసు మళ్లిన డప్పు కళాకారులకు సర్కారు ఇప్పుడు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. ముసలి చేతికి అది కూడు పెడుతుంది, మంచిదే. పసి చేతికి చిర్ర అందించేదెవరు?

ఇనప చట్రానికి ప్లాస్టిక్ పొర బిగించిన డప్పులొచ్చాయి. వానకు తడవవు, మంట అడగవు, భుజానికి తేలిక. పొట్టకూటికి వాటిని తగిలించుకున్నవాణ్ని నేను తప్పుపట్టను. కానీ చెమ్మకు దిగులుపడని, సెగకు పులకించని పొరలో ఏ ప్రాణం పలుకుతుంది? బిగువు చూసి, సెగ చూసి, దెబ్బ విని "ఇది డప్పు!" అనగల చెవులు కూడా ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. నా దుఃఖమంతా అదే.

నాదాన్ని మెచ్చి మనిషిని మరిచిన ఊరికి నాదమూ దక్కదు. కనుక మృదంగానికి పరిచిన తివాచీ మీదే డప్పుకూ చోటివ్వండి. సంగీత కళాశాలల్లో చిర్ర పట్టడం నేర్పండి. పెళ్లికి డప్పు వాయించేవాణ్ని పిలిస్తే తాంబూలం చేతికిచ్చి, బంతిలో పక్కన కూచోబెట్టుకుని అన్నం పెట్టండి. తోలు బిగించే పెద్దలు ఉండగానే వెళ్లి, అడిగిన ధర ఇచ్చి, ఒక డప్పు చేయించుకోండి. తీసుకునే ముందు, దాన్ని చేసిన ఆ చేతులకు దణ్ణం పెట్టండి.